అమ్మ ప్రార్థనలో నా వంతు

మా అమ్మను ‘అమ్మా’ అని పిలిచే హక్కు నాకొక్కదానికే ఉందని పద్నాలుగేళ్ళు వచ్చేదాకా అనుకున్నాను. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు. ఆ పిలుపులో వాటాకి వచ్చిన మనిషి కరుణక్క. పోయిన నెల ఆమె కాలిఫోర్నియాలో ఎవరిదో పెళ్ళికి వచ్చి, పనిలో పనిగా అక్కడే డబ్లిన్ అనే ఊళ్ళో ఉన్న మా ఇంట్లో రెండు రోజులు ఉండి వెళ్ళింది. అమ్మ పోయి ఏడాది దాటింది. సమాధి చేసిన రోజున రాలేకపోయానన్న బాధ కరుణక్కకు అలాగే ఉండిపోయింది. గుమ్మంలో చెప్పులు విప్పి లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా హాల్లో అమ్మ ఫొటో కనిపించింది. ‘అమ్మా’ అని ఒక్క కేక పెట్టి అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. ఆమె బ్యాగు చేత్తో పట్టుకుని నేను నిలబడిపోయాను. కన్నకూతుర్ని, నేను అలా ఏడవలేదు. సమాధి రోజున వచ్చినవాళ్ళకు భోజనాలు, ఫ్లైట్లు, పువ్వులు చూసుకోవడంతోనే సరిపోయింది. మా దగ్గరే ఉంటున్న నాన్న గదిలోంచి మెల్లగా వచ్చి, ఆమె పక్కన కుర్చీలో కూర్చుని, ఆమెతో పాటు ఏడ్చారు. నా ముందు ఆయన ఎప్పుడూ కంట తడి పెట్టలేదు.

కాసేపటికి ఆమె మొహం కడుక్కుని, నన్ను అడగకుండానే వంటింట్లోకి వెళ్ళి, అల్లం వెతికి తీసి, చపాతీ కర్ర చివరతో దంచి టీ పెట్టింది. ఒక్క గుక్క తాగి నాన్న నా వైపు తిరిగి, “అచ్చం మీ అమ్మ పెట్టినట్టే ఉందే బుజ్జీ” అన్నారు. ఆయనకు రోజూ టీ ఇచ్చేది నేను. నా టీ గురించి ఆ మాట ఎన్నడూ అనలేదు. నాకు నలభై దగ్గర పడుతున్నాయి, ఇద్దరు పిల్లలున్నారు, ఆదివారం స్కూల్లో చిన్నపిల్లలకు ప్రేమ గురించి పాఠాలు చెబుతాను. అయినా పద్నాలుగేళ్ళప్పుడు గుండెలో ఏ చోట మంట పుట్టిందో సరిగ్గా ఆ చోటే మళ్ళీ పుట్టింది. కప్పులు కడుగుతూ సింకు దగ్గర చాలాసేపు ఉండిపోయాను. షికాగో దగ్గర నేపర్‌విల్‌లో గడిచిన ఆ చలికాలమంతా ఒక్కొక్కటిగా గుర్తొచ్చింది.

మేము తెనాలి నుంచి వచ్చేనాటికి నేను అక్కడ తెలుగు బడిలో ఐదో తరగతి పూర్తి చేశాను. అమ్మ అదే బడిలో టీచరు. నేపర్‌విల్‌లో మాది రెండు పడగ్గదుల అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు. అమ్మ వీసాకి ఉద్యోగం చేయడానికి వీల్లేదు. పాతిక మంది పిల్లల్ని ఒక్క చూపుతో కూర్చోబెట్టిన మనిషికి ఉన్నట్టుండి ఒక్క పిల్ల, ఒక భర్త, నాలుగు గదులు మిగిలాయి. ఇంకొకరైతే ముడుచుకుపోయేవారేమో. అమ్మ తన రోజంతా ప్రార్థనతో కుట్టుకుంది. తెల్లవారకముందే లేచేది. భోజనాల బల్ల మీద చిన్న దీపం వేసుకుని, కింద ఇంటివాళ్ళకు వినబడకుండా గొంతు తగ్గించి ఒక పాట పాడుకునేది. బైబిల్లో వాక్యం చదువుకునేది. అక్కడి నుంచి ఇంట్లో ప్రతి పనికీ ఒక మాట దేవుడితో చెప్పేది. బియ్యం కడుగుతూ చెప్పేది, నా జడ అల్లుతూ చెప్పేది. నాన్నను షికాగో రైలు ఎక్కించడానికి స్టేషన్‌కి తీసుకెళ్ళి, ఆయన దిగాక స్టీరింగు మీద చేతులుంచి, “ప్రభువా, ఈయనకి ఈ రోజు నెమ్మదినివ్వు” అనేది. మందిరం బయట ఆదివారం కారు పెట్టడానికి చోటు దొరకకపోతే దానికీ అడిగేది.

“పార్కింగ్ కోసం కూడా ఆయన్ని లేపాలా?” అని నాన్న ఆటపట్టించేవారు.

“ఆయన నిద్రపోడులెండి, మీలాగా” అనేది అమ్మ.

తన ప్రార్థన అయిపోయాక నా గదిలోకి వచ్చి, పడుకుని ఉన్న నా తల మీద చెయ్యి పెట్టేది. ఆ చెయ్యి అల్లం వాసన వేసేది. కొంచెం తడిగా, చల్లగా ఉండేది. పెదాలు మాత్రమే కదిలేవి, మాట బయటికి వచ్చేది కాదు. నేను మెలకువగానే ఉండి కళ్ళు మూసుకునేదాన్ని. ఏం చెప్పేదో ఎన్నడూ అడగలేదు. ఆ కొద్దిసేపు ఆకాశం కింద ఉన్న మనుషులందరిలోకీ నేనే దేవుడికి గుర్తున్నట్టు ఉండేది. దేవుణ్ణి నమ్మడమంటే నాకు అప్పుడు తెలిసింది అంతే. అమ్మకు ఆయన తెలుసు, అమ్మకు నేను తెలుసు.

ఆదివారాలు ఆరాధనకు కూడే మా తెలుగు సహవాసంలో అమ్మకు చాలా మంది ఆప్తులుండేవారు. కొత్తగా ఉద్యోగాలకొచ్చిన కుర్రాళ్ళు శనివారం సాయంత్రం వచ్చి పప్పు, గోంగూర, చికెన్ కూర తిని, పాటలు పాడి వెళ్ళేవాళ్ళు. వాళ్ళు వచ్చే ముందు అమ్మ చలి కోట్లన్నీ పడగ్గదిలో పెట్టి తలుపు మూసేది, తాలింపు వాసన పట్టకుండా. గుమ్మం దగ్గర తడి బూట్లు వరసగా ఉండేవి. వాళ్ళందరూ ఆమెను ఆంటీ అనో అక్కా అనో పిలిచేవాళ్ళు. తిని వెళ్ళిపోయేవాళ్ళు కనుక నాకు వాళ్ళతో పేచీ లేదు. వెళ్ళకుండా ఉండిపోయింది ఒక్క కరుణక్కే.

ఆమెది కొత్తగూడెం. పెళ్ళై ఏడాది కాలేదు. భర్త ప్రవీణ్ మా పక్క కాంప్లెక్సులో ఉండేవాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన తండ్రి చనిపోయారని కబురొస్తే అతను ఉన్నపళంగా ఇండియా వెళ్ళాడు. తిరిగి రావడానికి వీసా స్టాంపింగ్‌కి వెళ్తే, కాగితాలు ఇంకా పరిశీలించాలని చెప్పి ఆపేశారు. ఎప్పుడిస్తారో చెప్పలేదు. ఇక్కడ కరుణక్క కడుపుతో ఉంది. మధ్యలో కొంచెం రక్తం కనబడేసరికి డాక్టరు విమానం ఎక్కొద్దంది, ఒంటరిగా ఉండొద్దంది. ఆ ఆదివారం కూడిక అయ్యాక అమ్మ ఆమెను కారులో ఎక్కించుకుని నేరుగా మా ఇంటికి తెచ్చేసింది. మెట్లెక్కుతూ వెనక్కి తిరిగి నాతో, “బుజ్జీ, నీ గది కొన్నాళ్ళు అక్కకి ఇద్దాం. నువ్వు హాల్లో పడుకుంటావు కదూ” అంది. అది అడిగినట్టు లేదు, చెప్పినట్టు ఉంది. నా దుప్పటి, నా పుస్తకాలు హాల్లోకి వచ్చాయి. నా మంచం, నా కిటికీ, గోడ మీద నేను అంటించుకున్న బొమ్మలు ఆమెకు పోయాయి.

అది కూడా పెద్ద బాధ కాదు. హాల్లో పరుపు భోజనాల బల్ల పక్కనే ఉండేది. తెల్లవారుజామున అమ్మ లేచి దీపం వేస్తే వెలుగు నా మొహాన పడేది. రెండో రోజో మూడో రోజో కరుణక్క కూడా లేచి వచ్చి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. దుప్పటి కింద నుంచి నేను వింటున్నాను.

“నాకు మీలెక్క ప్రార్థన చెయ్యరాదు ఆంటీ. నోరు తెరిస్తే ఏడుపొస్తది” అంది కరుణక్క.

“మాటలు వెతుక్కోకమ్మా. ఉన్నది చెప్పు. భయంగా ఉంటే భయంగా ఉందని చెప్పు. ఆయనేమీ వ్యాకరణం చూడడు.”

కరుణక్క ముక్కు చీదుకుంది. తర్వాత, “ప్రభువా, నాకు మా ఆయన యాదికొస్తున్నడు” అని మాత్రం అంది. అమ్మ “ఆమేన్” అంది. ఇద్దరూ నవ్వుకున్నారు, ఇద్దరూ ఏడ్చారు. ఆ ఉదయం అమ్మ నా తల మీద చెయ్యి పెట్టింది కానీ, నాన్న ట్రైన్‌కి టైమైపోతోందని పెట్టీ పెట్టనట్టు పెట్టి పరుగెత్తింది. మరో వారానికి ‘ఆంటీ’ పోయి ‘అమ్మా’ అయింది. కూర రుచి చూడమని చెంచా పట్టుకుని, “అమ్మా, ఉప్పు చూడు” అంటే మా అమ్మ సహజంగా నోరు తెరిచింది. స్కూలు బ్యాగు భుజాన వేసుకుని ఆ తెరిచిన నోటి వంక చూస్తూ నిలబడ్డాను.

నేను పొద్దున్నే లేచి ప్రార్థనకి కూర్చోవడం మొదలుపెట్టింది భక్తితో కాదు. నా చోటు పోతోందని. ఒకరోజు వాళ్ళు దీపం వెలిగించకముందే లేచి, మొహం కడుక్కుని, అమ్మ పక్క కుర్చీలో నేనే ముందు కూర్చున్నాను. కరుణక్క ఎదురు కుర్చీలో సర్దుకుంది. అమ్మ మొహం ఎంత వెలిగిందో ఇప్పటికీ చెప్పగలను. వాక్యం నాతో గట్టిగా చదివించింది. ఇంట్లో ఇంగ్లీషు పెరిగిపోతున్న రోజులు అవి. ఈ రోజు నేను తెలుగులో నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆ తెల్లవారుజాముల చదువే కారణం. ప్రార్థన నా వంతు వచ్చేసరికి నేను అడిగేది ఒక్కటే: ప్రవీణన్నకు వీసా వచ్చేయాలి. గట్టిగా, కన్నీళ్ళతో అడిగేదాన్ని. అతను వస్తే ఈమె వెళ్ళిపోతుంది, నా గది నాకొస్తుంది, మా అమ్మ నాకొస్తుంది. సహవాసంలో ఈ సంగతి పాకింది. ‘ఇంత చిన్నపిల్ల ఇంకొకరి కోసం ఎంత భారంగా ప్రార్థిస్తోందో’ అని ఆంటీలు నా బుగ్గలు నిమిరారు. కరుణక్క నాకు తన చేత్తో గోరుముద్దలు పెట్టబోయింది. నేను కంచం తీసుకుని టీవీ ముందుకు వెళ్ళాను.

అమ్మకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఒక మధ్యాహ్నం స్కూలు నుంచి తీసుకొస్తూ, ఎర్ర లైటు దగ్గర కారాపి, రోడ్డు వంకే చూస్తూ అడిగింది. “ప్రవీణ్ త్వరగా రావాలని ఎందుకు అంత గట్టిగా అడుగుతున్నావు?”

“రావాలి కదా. Baby వస్తోంది కదా” అన్నాను.

“అందుకేనా?”

నేను కిటికీ వైపు తిరిగాను. అద్దం మీద మంచు నీళ్ళుగా కారుతోంది. పచ్చ లైటు పడింది. కారు కదిలాక అమ్మ అంది: “ఎందుకు అడుగుతున్నావో ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఫరవాలేదు. అడగడం మాత్రం మానకు.”

తిడితే బాగుండేది. తిట్టకుండా వదిలేసినందుకు ఇంకా కోపం వచ్చింది. అయినా మర్నాడు మళ్ళీ లేచి కూర్చున్నాను. రోజూ కూర్చుంటే ఏమవుతుందో నాకప్పుడు తెలియదు. కొన్ని ఉదయాలు, వీసా సంగతి చెప్పేశాక, ఇంకా అమ్మ కళ్ళు తెరవలేదు కనుక, ఊరికే ఉండలేక, నా సంగతులు కూడా చెప్పడం మొదలుపెట్టాను. లంచ్‌లో నా పక్కన ఎవరూ కూర్చోవడం లేదన్నది ఆయనకే మొదట చెప్పాను. అమ్మకు కూడా చెప్పలేదు.

చలికాలం నడిమధ్యకు వచ్చేసరికి మా సహవాసంలో బాప్తిస్మానికి ముగ్గురం సిద్ధపడ్డాం. ఇద్దరు పెద్దవాళ్ళు, నేను. పాస్టర్ అంకుల్ మామూలుగా ఒక మందుల కంపెనీలో పనిచేసేవారు, ఆదివారాలు మాకు వాక్యం చెప్పేవారు. ఆయన దగ్గర తరగతులకు వెళ్ళాం. ఒక అమెరికన్ చర్చివాళ్ళు తమ ఆరాధన అయ్యాక మధ్యాహ్నాలు మాకు వాళ్ళ మందిరం ఇచ్చేవాళ్ళు. వేదిక వెనక మెట్లు దిగే నీళ్ళ తొట్టి ఉండేది. అమ్మ నా కోసం తెల్ల గుడ్డ కొని, చేత్తోనే గౌను కుట్టింది. నీళ్ళలో తేలకుండా అంచులో బరువు పెట్టి కుట్టింది. కుడుతున్నంతసేపూ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నా భుజాలు కొలిచింది, నా మెడ కొలిచింది, సూది పళ్ళ మధ్య పెట్టుకుని నన్ను అటూ ఇటూ తిప్పింది. ఆ చలికాలంలో పూర్తిగా నాదైన సాయంత్రాలు అవే. బాప్తిస్మం అంటే నా మనసులో, అమ్మ మెట్ల దగ్గర తువ్వాలు పట్టుకుని నా ఒక్కదాని కోసం నిలబడే రోజు.

ఆ ఆదివారం ఉదయం కరుణక్కకు నొప్పులొచ్చాయి. ఇంకా చాలా వారాల టైముందని అంతకుముందు డాక్టర్లు చెప్పారు. నేను తల దువ్వుకుంటున్నాను. లోపల ఏదో పడిన చప్పుడు, తర్వాత అమ్మ గొంతు. అమ్మ హాల్లోకి వచ్చేసరికి ఒక కాలికే బూటు ఉంది. కారు తాళాలు వెతుకుతూ, “బుజ్జీ, నేను హాస్పిటల్‌కి వెళ్ళాలి. నీ దగ్గరికి రాలేనేమో. పాస్టర్ అంకుల్ వాళ్ళు వచ్చి నిన్నూ నాన్ననూ తీసుకెళ్తారు” అంది.

“నాన్నని పంపు అక్కతో.”

“కాన్పు గదిలోకి నాన్న ఎలా వెళ్తారే?”

“నువ్వు లేకుండా నేనెలా చేస్తాను?”

“నాన్న ఉంటారు. ప్రభువు ఉంటాడు.”

“నాకు నువ్వు కావాలి!”

అమ్మ ఆగింది. నా వైపు ఒక అడుగు వేసింది కూడా. లోపల్నుంచి కరుణక్క, “అమ్మా” అని అరిచింది. అమ్మ తిరిగి లోపలికి వెళ్ళింది. ఆ అరుపు విన్నవాళ్ళెవరైనా వెళ్తారు. అది నాకు అప్పుడు తెలియదని కాదు. తెలిసినా మంట తగ్గలేదు.

మధ్యాహ్నం మందిరంలో పాట అయింది. పాస్టర్ అంకుల్ తెల్ల చొక్కాతో నడుము లోతు నీళ్ళలో నిలబడ్డారు. నా ముందు ఇద్దరినీ ఆయన మూడు ప్రశ్నలు అడిగారు. చివరి ప్రశ్న, “నీ మనసులో ఎవరి మీదైనా కోపం ఉంటే ఇప్పుడే ప్రభువు దగ్గర విడిచిపెడుతున్నావా?” అని. ఇద్దరూ “విడిచిపెడుతున్నాను” అన్నారు. నీళ్ళలో మునిగి లేచారు. జనం చప్పట్లు కొట్టారు. నా పేరు పిలిచారు. పై మెట్టు మీద నిలబడి ఒక పాదం నీళ్ళలో పెట్టాను. గోరువెచ్చగా ఉన్నాయి. మొదటి రెండు ప్రశ్నలకు అవునన్నాను. మూడోది అడిగినప్పుడు మెట్ల చివర నాన్న తువ్వాలు పట్టుకుని నిలబడి ఉండడం చూశాను. ఆ తువ్వాలు కూడా తప్పుగా తెచ్చారు, వంటింట్లోది.

“విడిచిపెట్టడం లేదు అంకుల్” అన్నాను.

ఆయనకు సరిగా వినబడలేదనుకున్నారు. “ఏమ్మా?”

“ఇవాళ వద్దు అంకుల్. I can’t. నాకు చాలా కోపంగా ఉంది.”

“ఎవరి మీద తల్లీ?”

“అమ్మ మీద. కరుణక్క మీద.” ఒక్క క్షణం ఆగి, “దేవుడి మీద కూడా” అన్నాను.

ముందు వరసలో ఎవరో ‘అయ్యో’ అన్నారు. పాస్టర్ అంకుల్ నవ్వలేదు, కోప్పడలేదు. నీళ్ళలోంచి ఒక మెట్టు పైకి వచ్చి, తడి చెయ్యి నాకు తగలకుండా వెనక్కి పెట్టుకుని, “సరే తల్లీ. వెళ్ళి పొడి బట్టలు కట్టుకో. నీళ్ళెక్కడికీ పోవు” అన్నారు. నాన్న నా తడి పాదాలు ఆ వంటింటి తువ్వాలుతో తుడిచారు. పాస్టర్ అంకుల్ వాళ్ళే మమ్మల్ని ఇంటి దగ్గర దింపారు. తలుపు తీశాక, “ఆకలేస్తోందా? ఉప్మా చెయ్యనా?” అని అడిగారు. ఉండలు కట్టిన ఆ ఉప్మా ఇద్దరం పూర్తిగా తిన్నాం.

అమ్మ మర్నాడు ఉదయం వచ్చింది. ఆమె దగ్గర అల్లం వాసన లేదు, హాస్పిటల్ సబ్బు వాసన వేసింది. “పాప పుట్టింది. చిన్నగా ఉంది గానీ బాగుంది. అక్కా బాగుంది” అని నాన్నతో చెప్పి, కోటు విప్పకుండానే వచ్చి నా పరుపు మీద కూర్చుంది. మందిరంలో జరిగింది అప్పటికే ఎవరో ఆమెకు ఫోన్‌లో చెప్పేశారు.

“నేను రాలేదనా?” అని అడిగింది.

“కోపం ఉంటే విడిచిపెట్టాలన్నారు. నేను విడిచిపెట్టలేదు. అబద్ధం చెప్పాలా?”

అమ్మ నా మొహంలోకి చూసింది. “రాలేకపోయినందుకు నాకు బాధగా ఉంది బుజ్జీ. చాలా బాధగా ఉంది. కానీ మళ్ళీ అలాగే జరిగితే మళ్ళీ అక్కడికే వెళ్తాను. ఆ పిల్లకి ఇక్కడ ఎవరున్నారు?”

“నేను అడిగింది నిన్నొక్కదాన్నే” అన్నాను.

వాక్యంలోంచి ఏదైనా చెబుతుందేమోనని చూశాను. చెప్పలేదు. “అబద్ధం చెప్పి నీళ్ళలో దిగలేదు. అది నాకు చాలు” అని, కోటుతోనే నా పక్కన ఒరిగి, నిమిషంలో నిద్రపోయింది.

పాప ఇంటికి వచ్చాక మా ఇంటి వేళలన్నీ తలకిందులయ్యాయి. పాల వాసన, డెట్టాల్ వాసన, పసిబట్టలు ఆరే వాసన. రాత్రులు మేలుకుని మేలుకుని అమ్మ తెల్లవారేసరికి సోఫాలో పాపను రొమ్ము మీద వేసుకుని కూర్చునే నిద్రపోయేది. కరుణక్క గదిలో నిద్రపోయేది. ఒక ఉదయం నేను అలవాటుగా లేచి, దీపం వేసి, బల్ల దగ్గర కూర్చున్నాక కానీ తెలిసింది, నన్ను చూసేవాళ్ళెవరూ లేరని. ఎవరి పక్క చోటు కోసం లేచానో ఆ మనిషి నోరు తెరుచుకుని నిద్రపోతోంది. బయట మంచు తోసే బండి గీరుకుంటూ వెళ్తోంది. వెళ్ళి పడుకోవచ్చు. పడుకోలేదు. అమ్మ ఉన్నది చెప్పమంది కదా అని ఉన్నది చెప్పాను. నాకు కరుణక్క మీద ఇంకా కోపంగా ఉంది, అమ్మ నాకు చాలడం లేదు, నువ్వు నాకు సరిగా తెలియదు. అంతే. ఆకాశం తెరుచుకోలేదు. కానీ ఆ మాటలు ఎవరో విన్నట్టు అనిపించింది. అమ్మ ద్వారా కాకుండా, నేరుగా. మర్నాడు మళ్ళీ కూర్చున్నాను. ప్రవీణన్న వీసా కోసం అడగడం మరచిపోయానని మధ్యాహ్నం బస్సులో గుర్తొచ్చింది. తర్వాత్తర్వాత పాప సీసాలు వేడినీళ్ళలో వేస్తూ, పాపను భుజాన వేసుకుని హాల్లో తిరుగుతూ, అమ్మలాగే నేనూ ఒక్కో మాట చెప్పడం అలవాటైంది. పాప వేలు పట్టుకుంటే వదిలేది కాదు. దాని మీద ఈర్ష్య పడడం నాకు చేతకాలేదు.

వసంతం వచ్చాక ప్రవీణన్నకు వీసా వచ్చింది. అతను వచ్చి పాపను చూసుకుని ఏడ్చాడు. పడమటి తీరంలో రెడ్‌మండ్‌లో ఉద్యోగం దొరికిందని ఎండాకాలంలో వాళ్ళు వెళ్ళిపోయారు. వెళ్ళే ముందు ఆదివారం నేను బాప్తిస్మం తీసుకున్నాను. ఈసారి అమ్మ మెట్ల దగ్గర ఉంది. ఆమె పక్కనే, పాపను ఎత్తుకుని, కరుణక్క. అదే ప్రశ్నకు “విడిచిపెడుతున్నాను” అన్నాను. నిజమే చెప్పాను. విడిచిపెట్టింది మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుందని, వచ్చినప్పుడల్లా మళ్ళీ విడిచిపెట్టాలని మాత్రం అప్పుడు నాకెవరూ చెప్పలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో గది. అతిథికి వేరే గది, వేరే బాత్రూము. ఎవరూ ఎవరికీ ఏమీ ఖాళీ చేసి ఇవ్వాల్సిన పని లేదు. మా పిల్లలు ఇంగ్లీషులో, చకచకా, చక్కగా ప్రార్థిస్తారు. నా ప్రార్థన ఎక్కువగా కారులో, ఫ్రీవే మీద, ముందున్న బండి బ్రేకు లైట్ల వంక చూస్తూ. అమ్మ చివరి రోజుల్లో అడిగింది, “ఇంకా పొద్దున్నే లేస్తున్నావా?” అని. “కారులో చేసుకుంటున్నాను” అన్నాను. “ఎక్కడైతేనేం, మాట్లాడుతున్నావు కదా” అంది. నమ్మకం పెరిగిందా అంటే పెరిగింది. జబ్బులోనూ, ఉద్యోగం పోయినప్పుడూ, అమ్మ పోయినప్పుడూ నిలబడింది. కానీ అమ్మ వంటింట్లో ఉన్నంత చోటు దానికి నా ఇంట్లో లేదు. మా ఇంట్లో ఎవరూ కొన్నాళ్ళు ఉండిపోవడానికి రారు.

కరుణక్క వెళ్ళే రోజు మధ్యాహ్నం ఇద్దరం పెరట్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నాం. మాటల్లో మాటగా, ఇన్నేళ్ళలో మొదటిసారి, ఆ ఆదివారం సంగతి నేనే ఎత్తాను. నవ్వుతూనే అన్నాను. “ఆ రోజు మా అమ్మ నీకే దక్కింది అక్కా.”

ఆమె చేతిలోని కాయ గిన్నెలో వేసి నా వైపు చూసింది. “నాకు దక్కిందనుకున్నవా?” అంది. “నా చెయ్యి పట్టుకున్నది నిజమే. మనసంతా నీ దగ్గరే ఉండె. గోడ మీద గడియారం దిక్కే చూసుడు. ‘ఇప్పుడు పాట పాడుతుంటారు’ అనేది. ‘ఇప్పుడు మెట్ల దగ్గరికి పోయుంటది’ అనేది. నర్సు నా మీద అరుస్తున్నది, ఈమె కళ్ళు మూసుకుని ‘ప్రభువా, నా బుజ్జి’ అంటున్నది. నాకు నీ మీద ఎంత కుళ్ళొచ్చిందో ఎరికేనా? నొప్పులేమో నావి, ప్రార్థనేమో నీకు. మా అమ్మ దూరంగుంది, ఈమె పక్కనుండి కూడా నాది కాకపాయె అని ఏడ్చిన. నొప్పులకు ఏడుస్తున్ననని అనుకున్నరు అందరు.”

నా చేతులు ఆగిపోయాయి. “ఏమని ప్రార్థించింది? మొత్తం చెప్పు.”

“ఎట్ల యాదుంటది బుజ్జీ, ఆ నొప్పులల్ల?”

“ఉన్నంత చెప్పు.”

కరుణక్క కంచె వైపు తిరిగింది. తర్వాత తన యాస వదిలి, మా అమ్మ మాట తీరుతో, మెల్లగా చెప్పింది. “‘నేను అక్కడ లేను ప్రభువా, నా బదులు నువ్వు నిలబడు. దానికి కోపంగా ఉంటుంది. ఆ కోపంతోనే నీ దగ్గరికి రానివ్వు, వెనక్కి పంపకు.’ ఇదే మళ్ళ మళ్ళ అన్నది. పాప బయటికొచ్చేదాక అన్నది.”

పెరట్లో కూర్చుని అప్పుడు ఏడ్చాను, సమాధి రోజున ఏడవనిదంతా. కరుణక్క వీపు నిమురుతూ ఉంది. ఆ ఏడుపులోనూ నాకు ఈర్ష్యగానే ఉంది. మా అమ్మ నా కోసం అంతసేపు చేసిన ప్రార్థనను అమ్మ గొంతుతో, అమ్మ చెయ్యి పట్టుకుని విన్నది ఈమె. నాకు ఇన్నేళ్ళ తర్వాత, ఈమె గొంతుతో, గుర్తున్నంత మేరకే దక్కింది. కళ్ళు తుడుచుకుని, ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“ఇంకోసారి చెప్పక్కా” అన్నాను.